పడవ కడుపులో పసుపు నీళ్లు

మా ఊరి తారురోడ్డు నీళ్లలోకి దిగిపోతుంది. గోదావరికి అడ్డంగా ప్రాజెక్టు కట్టాక వెనక్కి నిలిచిన నీళ్లు మా పాత ఊరిని, ఊరి ముందున్న బస్టాండును, దాని చుట్టుపక్కల పొలాలను ముంచేశాయి. మాకు గట్టు మీద కొత్త కాలనీ ఇచ్చారు. మునగని పొలాలు కొన్ని అవతలి ఒడ్డున మిగిలిపోయాయి. రోడ్డు ఇటు పక్క నీళ్లలో మునిగి, అటు పక్క ఏమీ ఎరగనట్టు మళ్లీ పైకి లేచి తన దారిన తాను పోతుంది. ఎండాకాలం నీళ్లు తగ్గితే బస్టాండు షెడ్డు కప్పు ఒక్కటి బయటపడుతుంది. దాని మీద కొంగలు నిలబడతాయి. మావాళ్లు ఇప్పటికీ నడినీళ్లను “బస్టాండు కాడ” అనే అంటారు.

అవతలి పొలాలకు పోవాలంటే మంచిర్యాల మీదుగా చుట్టు తిరిగి పోవాలి. లేదంటే మా మామను బతిమాలుకోవాలి. మా ఆయన తండ్రి చేపలు పట్టే మనిషి. ఆయన తెప్ప థర్మకోల్‌ది: తెల్ల దిమ్మెలు పేర్చి, పాత వలతో చుట్టి, పైన ఒక పలక కట్టుకున్నాడు. దాని మీద మడిచిన కాళ్లతో కూర్చుని, అరచేతులంత చెక్కముక్కలతో నీళ్లను వెనక్కి నెట్టుకుంటూ పోతాడు. దూరం నుంచి చూస్తే మనిషి నీళ్ల మీద ఉత్తగా కూర్చుని జరుగుతున్నట్టే ఉంటుంది. ఆ తెప్ప ఒక్కరికి చాలు, ఇద్దరికి భయం.

మా ఆయన మాత్రం పెళ్లయిన మరునెలలోనే మస్కట్ పోయాడు. పాప పుట్టినప్పుడు మస్కట్‌లో ఉన్నాడు, పాప నడక నేర్చినప్పుడూ మస్కట్‌లోనే ఉన్నాడు. అక్కడ షేకులు షికారుకు తిరిగే చిన్న మోటరు పడవలను కనిపెట్టుకుని ఉండటం ఆయన ఉద్యోగం. పడవలో మనం నిలబడే పలకల కింద ఒక గుల్ల ఉంటుంది. పొద్దున్నే ప్రతి పడవకూ ఆ గుల్ల మూత తీసి, లోపల చెయ్యి పెట్టి, తడి ఉందా లేదా చూడాలి. ఉంటే ఎక్కడి నుంచి వచ్చిందో వెతకాలి, ఆపాలి, ఆరబెట్టాలి. ఇదీ పని. మొదట్లో ఫోనులో ఈ మాట చెబితే నేను నవ్వాను. “నీళ్ల మీద తిరిగేదానికి తడి తగలొద్దంటే ఎట్లయ్యా? గీ ముచ్చట మా గేదెకు చెప్పు” అన్నాను.

ఒక ఏడు సెలవు మీద వచ్చినవాడు ఇక్కడే ఏదో ఒకటి చేసి చూడకుండా తిరిగి పోనన్నాడు. ఎక్కడో చెరువులో జనాన్ని తిప్పి తిప్పి వదిలేసిన తెల్ల ఫైబర్ పడవ ఒకటి, దానికో మోటరు సంపాదించాడు. అనుమతి కాగితాల కోసం తిరిగిన తిరుగుడు వేరే కథ. అవతలి ఒడ్డుకు జనాన్ని దాటించుకుంటూ ఇక్కడే బతుకుతానన్నాడు. కానీ ఆరు నెలలు దాటి బయట ఉంటే వీసా పోతుంది. ఆలోపు పడవ కుదిరితే ఉంటాడు, కుదరకపోతే పోతాడు. లెక్క అంత సూటిగా చెప్పి పడుకుని గుర్రు పెట్టాడు. నాకు నిద్ర పట్టలేదు.

నాకు కావాల్సింది ఒక్కటే, ఆయన పోకూడదు. కానీ ఆ మాట నేను నోటితో అనలేదు. మా ఇళ్లలో దేశం పోయేవాళ్లను వెనక నుంచి పిలవడమే తప్పు, ఇక పోవద్దనడం ఇంకా పెద్ద తప్పు. ఇన్నేళ్లూ ప్రతిసారీ పెదవి కొరుక్కుని సూట్‌కేస్ మోసి ఆటోలో పెట్టినదాన్ని. అందుకే ఆ పడవ ట్రాక్టరు ట్రాలీ మీద వాడలోకి వచ్చిన రోజు, ఇంటికొచ్చిన కొత్త కోడలిని చూసినట్టు దాన్ని పైకీ కిందికీ చూశాను. ఇది నా కాపురం నిలబెడుతుందా, కూలుస్తుందా అని.

ఆయన పలకల మధ్యన ఉన్న మూత ఎత్తి, లోపల చూడమన్నాడు. వంగి తల పెట్టాను. చీకటి. పాత జిగురు వాసన, ఎండిన దుమ్ము. “ఓ” అన్నాను. నా గొంతే ఎవరో పెద్దామె గొంతులా తిరిగి వచ్చింది. అంత పెద్ద పడవలో పనికొచ్చే వస్తువు ఏదీ లేని చోటు అదొక్కటే.

మామ కూడా తొంగి చూసి పెదవి విరిచాడు. “గీనికి లోపల ఖాళీ ఉన్నదారా? ఖాళీ ఉంటే నీళ్లకు ఆశ పుడ్తది. నా తెప్పకు లోపలనేదే లేదు. నీళ్లు వచ్చి ఏం జేస్తయ్?”

“గా ఖాళీయే మనల్ని మోసేది, బాపు” అన్నాడు మా ఆయన. “పలకలు గాదు, మోటరు గాదు. లోపల గాలి పొడిగ ఉన్నంత సేపే పడవ. నీళ్లు నిండితే అది ఉత్త బండ.”

ఆ మాట నా బుర్రలో చాలా రోజులు తిరిగింది. ఇంట్లో ఏ పాత్ర ఖాళీగా ఉన్నా దండగ అనుకునే మనిషిని నేను. బియ్యం డబ్బా ఖాళీ అయితే గుండె జారుతుంది. అలాంటిది, ఏమీ లేకపోవడమే పదిమందిని నీళ్ల మీద మోస్తుందంటే, పని చేసుకుంటూ చేసుకుంటూ ఆగిపోయి దాని గురించే ఆలోచించేదాన్ని.

పడవను నీళ్లలో దింపే రోజు అత్తమ్మ దానికి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టింది. మామ సుల్తానాబాద్ అంగడి నుంచి తెచ్చిన పాత గుర్రపు నాడాను పడవ ముక్కు కింద నాలుగు మరలతో బిగించాడు. మా దగ్గర కొత్త ఇంటి గడపకు నాడా ఉంటుంది, కొత్త ట్రాక్టరుకు ఉంటుంది. పడవకు ఇంకాస్త కిందికి బిగించాడు, గంగమ్మకు కనిపించాలని. మా ఆయన దానికి దండం పెట్టి మోటరు తాడు లాగాడు.

ఉత్త పడవ బాణంలా పోయింది. తిరిగి వచ్చాక మూత తీసి చెయ్యి పెట్టాడు. దుమ్ము. ఒడ్డున ఉన్నవాళ్లందరికీ ఆ దుమ్ము అంటిన చెయ్యి చూపించాడు. ఎవరికీ ఏమీ అర్థం కాలేదు కానీ చప్పట్లు కొట్టారు.

నారింజ రంగు జాకెట్లు తొడిగి జనాన్ని ఎక్కించాక మొదలైంది గోల. రెండు మూడు సార్లు అటూ ఇటూ తిరిగేసరికి కింద నీళ్లు చేరేవి. మూత తీసి చూస్తే అవి ఎంత తేటగా ఉన్నాయంటే, అందులో నా ముఖం కనిపించింది. చప్పుడు లేదు, చినుకు లేదు, ఎవరినీ అడిగింది లేదు. గోదావరి ఎప్పుడొచ్చిందో వచ్చి లోపల కూర్చుంది. కోపం రావాల్సింది పోయి నాకు ఒళ్లు జలదరించింది. నీరు పల్లమెరుగు అని ఊరికే అన్నారా? దానికి కళ్లు లేవు, అయినా దారి దానికే తెలుసు.

మా ఆయన వెతకడం మొదలుపెట్టాడు. వెనక అడుగున నీళ్లు వదిలే రబ్బరు బిరడా మార్చాడు. మూత చుట్టూ పట్టీ వేశాడు. మోటరు బిగించిన బోల్టులు ఊడదీసి జిగురు పెట్టి మళ్లీ బిగించాడు. వెంట్రుక వాసి బీట కనిపించిన చోటల్లా గీకి, పూత పూశాడు. ఉత్తగా నిలబెడితే చుక్క రాదు. జనం ఎక్కితే వస్తుంది. నీళ్లు తోడే చిన్న పంపు ఒకటి మస్కట్ నుంచి తెచ్చుకున్నాడు. అది పెట్టుకుని తిరుగు, ఏమవుతుంది అన్నాను.

“జ్వరం ఎందుకొచ్చిందో ఎర్కలేకుంట గోలి మింగి పొలం పోయినట్టుంటది” అన్నాడు. “పంపు ఆగిన్నాడు ఏమైతది? పడవల ఉన్నది మనోళ్లే గదనే.”

ఒకరోజు అవతల మిర్చి చేను చూసుకుని తిరిగి వస్తున్న ముసలామె నడినీళ్లలో ఉన్నట్టుండి కాళ్లు పైకి లాక్కుంది. “కిందెవరో మాట్లాడుతున్నరు” అంది. పలకల కింద నీళ్లు అటూ ఇటూ కొట్టుకుంటూ గుడగుడమంటున్నాయి. ఆ కింద మా పాత బస్టాండు ఉంది. పడవలో ఉన్నవాళ్లందరూ మాటలు మానేసి ఆ గుడగుడనే విన్నారు. మర్నాటి నుంచి జనం పలచబడ్డారు. తర్వాత రావడమే మానేశారు.

ఇంట గెలిచి రచ్చ గెలవాలంటారు. మా ఆయన రచ్చ గెలిచి ఇంట్లో ఓడిపోయాడు. అందరి పడవలూ ఎండబెట్టినవాడికి తన పడవ ఎండడం లేదు. ఒక పొద్దున వాకిట్లో నిలబడి ఫోనులో హిందీలో మాట్లాడుతున్నాడు. “హా సేఠ్, ఆతూఁ” అన్న ముక్క నా చెవిన పడింది. మస్కట్ యజమానికి వస్తానని చెబుతున్నాడు. నేను పిండి కలుపుతున్నాను. చేతులు ఆగిపోయాయి.

లోపలికి వచ్చాక నేను పోవద్దనలేదు. దానికి బదులు పడవను తిట్టాను, మోటరును తిట్టాను, గోదావరిని తిట్టాను. చెరువు మీద అలిగినవాడి సామెత ఒకటుంది, పూర్తిగా రాస్తే బాగుండదు. నా పని అచ్చం అలాగే ఉంది. తిట్టి తిట్టి అలిసిపోయి బిందె ఎత్తుకుని నల్లా దగ్గరికి పోయాను. ఆ బిందెకు ఈమధ్యే అడుగున మాట్లు వేయించాను. నీళ్లు నింపి, బయట కొంగుతో తుడిచి, గచ్చు మీద పెట్టి, కారుతుందా అని చూస్తూ కూర్చున్నాను. అలా చూస్తూ చూస్తూ బిందె అక్కడే వదిలేసి ఇంటికి పరుగెత్తాను.

“బయటి నీళ్లు లోపలికి ఏడికెళ్లి వస్తున్నయో నువ్వు ఎన్నడు సూడాలె? లోపల నీళ్లు పోసి బయట సూడరాదయ్యా!” అన్నాను.

ఆయన నన్నొకసారి, గట్టు కింద ఉన్న పడవ వైపొకసారి చూశాడు. “మస్కట్‌ల గుడ గట్లనే జేస్తం” అని గొణిగాడు. “మరి ఇన్నొద్దులు ఏం జేసినవ్?” అన్నాను. మనసు చెడినవాడికి తెలిసిన విద్య కూడా గుర్తుకు రాదని నాకు తర్వాత అనిపించింది. అప్పుడు మాత్రం ఇంకో నాలుగు అన్నాను.

పడవను ఒడ్డుకు లాగి మొద్దుల మీదికి ఎక్కించాం. బయటంతా పొడి బట్టతో తుడిచాం. తెల్లటి ఫైబర్ మీద ఉత్త నీటిచుక్క కనిపించదని నేను బకెట్లలో పసుపు కలిపాను. అత్తమ్మ అది చూసి, అమ్మవారికి పోసే సాక అనుకుని, తానే వేపమండలు తెచ్చి అందులో వేసింది. ఎందుకు కాదనాలి? వేపాకు తేలుతున్న పసుపు నీళ్లు బకెట్ల కొద్దీ పడవ కడుపులో పోశాం. నలుగురం నాలుగు వైపులా కూర్చుని పడవ అడుగును చూశాం. అన్నం కూడా అక్కడే తిన్నాం. చుక్క రాలేదు. బిరడా గట్టిగానే ఉంది, బీటలన్నీ మూసుకునే ఉన్నాయి.

మా ఆయన లేచి ప్యాంటు దులుపుకున్నాడు. ఆ దులుపుకోవడంలోనే విమానం కనిపించింది నాకు.

అప్పుడు మామ అన్నాడు, “జనం ఎక్కితే ముక్కు వంగుతది గదరా. ముందటి మొద్దు తీసి జర వంచుండ్రి.”

ముందటి మొద్దు తీసేశాం. ముక్కు దిగింది. లోపల నీళ్లన్నీ బరువుగా ముందుకు దొర్లిన చప్పుడు వినిపించింది. తర్వాత ఏ చప్పుడూ లేదు. నేను ముక్కు ముందు గొంతుకు కూర్చుని కళ్లు ఆర్పకుండా చూస్తున్నాను. తెల్లటి ఫైబర్ తెల్లగానే ఉంది. నాడా ఒక్కటే పచ్చగా ఉంది, అత్తమ్మ రోజూ రాసే పసుపుతో; దాన్ని మాత్రం మేము తుడవలేదు. దాని మధ్యన కుంకుమ బొట్టు.

బొట్టు కదిలింది. కొద్దిగా తడిసి, చిక్కబడి, మెల్లగా కిందికి జారింది.

అత్తమ్మ చూసి గబుక్కున లేచి చేతులు జోడించింది. “గంగమ్మ తల్లి” అంది. నిజం చెబుతున్నాను, నేనూ జోడించాను. ఇనుప నాడా మీద బొట్టు దానంతట అది జారుతుంటే ఏ మనిషి చేతులు ఊరుకుంటాయి? మా ఆయన ఒక్కడే దగ్గరికి వచ్చి, వేలితో నాడాను తుడిచాడు. వేలు పచ్చనైంది. మళ్లీ తుడిచాడు. మళ్లీ పచ్చనైంది. ఎన్నిసార్లు తుడిచినా నాడా అంచు నుంచి పసుపు ఊరుతూనే ఉంది.

మామ ఎవరి మాటకూ ఆగలేదు. ఇంట్లోకి పోయి స్క్రూడ్రైవరు తెచ్చి, మోకాళ్ల మీద కూర్చుని, తాను బిగించిన మరలను తానే ఒక్కొక్కటీ ఊడదీశాడు. అవి పొడుగు మరలు, తలుపుకు వేసేవి. నాడా చేతిలోకి రాగానే నాలుగు రంధ్రాల నుంచి నాలుగు సన్నటి పసుపు ధారలు వంపు తిరిగి మట్టిలో పడ్డాయి. ఎండలో అవి మెరిశాయి. వేరే ఎవరైనా ఆ పడవకు మర పెట్టి ఉంటే మా ఆయన వాడి చెయ్యి విరిచేవాడు. రోజూ అదే చోటికి వంగి దండం పెట్టాం కాబట్టి ఒక్కరికీ దాని మీద అనుమానం రాలేదు. పడవ మొత్తంలో మేము వెతకని చోటు అదొక్కటే.

మామ ఆ ధారలు ఆగేదాకా చూస్తూ కూర్చున్నాడు. “నా కొడుకు ఈడ ఉండాలని పెట్టిన” అన్నాడు చివరికి. “నేనే ఎల్లగొడ్తుంటి.”

మా ఆయన తండ్రి పక్కన కూర్చున్నాడు. “ఏం ఫికర్ జెయ్యకు బాపు. రంధ్రం దొరికింది గద” అన్నాడు. ఆ తండ్రీకొడుకులు అంత దగ్గరగా కూర్చోవడం నేను అదే మొదటిసారి చూశాను.

రంధ్రాలను గీకి, ఫైబర్ గుడ్డ ముక్కలు పెట్టి, జిగురు పూశాడు. లోపల నుంచీ ఒకటి, బయట నుంచీ ఒకటి. ఎండనిచ్చి నున్నగా రుద్దాడు. నాడాను పారేయడానికి మామ ఒప్పుకోలేదు. తన థర్మకోల్ తెప్పకు తాడుతో కట్టుకున్నాడు, దానికి లోపలనేదే లేదు కాబట్టి భయం లేదని. అత్తమ్మ మాత్రం పడవ ముక్కుకు పసుపు రాయడం మానలేదు. ఇప్పుడు రాసే ముందు తుడిచి, తడి చూసి రాస్తుంది.

అయినా నాకు నమ్మకం కుదరలేదు. సేఠ్‌కు వస్తానన్న మాట అలాగే ఉంది. జిగురు ఎండింది కానీ బరువు పడ్డాక ఏమవుతుందో? ఆరు నెలలు దగ్గరపడుతున్నాయి. ఆయన కూడా నవ్వడం లేదు.

పరీక్షకు అత్తమ్మ, మామ, నేను ఎక్కాం. ఇరుగుపొరుగువాళ్లలో ధైర్యం ఉన్నవాళ్లు ఎక్కారు. చాలకపోతే వడ్ల బస్తాలు కూడా వేసి, కావాలనే ముందుకు జరిపాం. ముక్కు బాగా కిందికి దిగింది. ఆ ఏడు వానలు బాగా పడి నీళ్లు అంచు దాకా నిండి ఉన్నాయి. బస్టాండు కప్పు కూడా లేదు. ఎటు చూసినా నీళ్లే, ఆ నీళ్ల మీద మబ్బులు. పడవ అటు పోయింది, ఇటు వచ్చింది, మళ్లీ అటు పోయింది. తర్వాత నడినీళ్లలో ఆయన మోటరు ఆపేశాడు.

అంతటా నిశ్శబ్దం. నా కాళ్ల కింద పలక, పలక కింద గాలి, గాలి కింద వేలి మందం కూడా లేని ఫైబర్, దాని కింద మేము పుట్టి పెరిగిన నేలంతా మునిగిన గోదావరి. అంత బరువు ఇంత పల్చటి దాని మీద ఆగి ఉంది. ఊపిరి గట్టిగా పీల్చడానికి కూడా భయమేసింది నాకు. చెవులు రిక్కించి విన్నాను. గుడగుడ లేదు.

ఆయన మూత దగ్గరికి రాలేదు. మోటరు పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నాడు.

“నువ్వు సూడవే” అన్నాడు. “నాకు ధైర్యం సాలుతలేదు.”

నేను మూత ఎత్తి, పలకల మీద బోర్లా పడుకుని, భుజం దాకా చెయ్యి లోపలికి పెట్టాను. ముందు పక్క తడిమాను. మూలలు తడిమాను. చెయ్యి అందినంత దూరం అడుగంతా తడిమాను. గరుకుగా ఉంది. వెచ్చగా కూడా ఉంది. చెయ్యి బయటికి తీస్తే వేళ్లకు ఎండిన పసుపు పొడి అంటుకుంది. ఆ చెయ్యి అలాగే పైకెత్తి ఆయనకు చూపించాను.

ఆయన దగ్గరికి వచ్చి ఆ పొడిని తన వేలితో తాకి చూశాడు. తర్వాత అంగడికి పోనని చెప్పినంత మామూలుగా అన్నాడు, “ఇగ నేను పోను.”

ఇన్నేళ్లలో నేను ఆ మాట అడగలేదు. అడగకుండానే ఆయన అన్నాడు, అందరి ముందు, నడినీళ్లలో. నాకు ఏడుపు ఆగలేదు. సూట్‌కేస్ మోసినప్పుడల్లా మింగిందంతా ఒక్కసారే పొంగుకొచ్చింది. తెరిచిన మూత మీదికి వంగి, జనం ఉన్నారని కూడా చూడకుండా వెక్కి వెక్కి ఏడ్చాను.

అత్తమ్మ నా భుజం పట్టి పక్కకు లాగింది. “ఏడిస్తే ఏడువు బిడ్డా, గని బయటికి వంగి ఏడువు. ఇంత తిప్పలవడి ఎండవెడితిమి, మళ్ల లోపల నీళ్లు వొయ్యకు” అంది.

నేను పడవ అంచు మీదికి వంగి గోదావరిలోకి ఏడ్చాను.